పొగమంచులో సైలో దగ్గర ఒక ఉదయం

నేను మిషిగన్‌లో వ్యవసాయ విద్యలో మాస్టర్స్ చేస్తున్నాను. డిగ్రీ చేతికి రావాలంటే చివరి సెమిస్టర్ అంతా ఏదైనా హైస్కూల్లో సీనియర్ టీచర్ దగ్గర ఉండి పాఠాలు చెప్పాలి. దాన్ని స్టూడెంట్ టీచింగ్ అంటారు. మిషిగన్ పటం చేతి తొడుగులా ఉంటుంది కదా, దాని బొటనవేలు వైపున్న పల్లెలో నాకు స్కూలు దొరికింది. వారమంతా అక్కడే చిన్న అద్దె గదిలో ఉండి, శని ఆదివారాలు నోవైలో ఉన్న మా పద్మ ఆంటీ ఇంటికి వెళ్లేదాన్ని. అక్టోబరులో ఒక సోమవారం, తెల్లవారకముందే అక్కడి నుంచి బయలుదేరాను. ఆంటీ గరాజ్ దాకా వచ్చి, "ఫాగ్ బాగా ఉంది సింధూ, స్లోగా డ్రైవ్ చెయ్యి. రీచ్ అవగానే మెసేజ్ పెట్టు," అంది.

ఫ్లింట్ దాకా హైవే, అక్కడి నుంచి తూర్పుకి తిరిగితే చిన్న రోడ్లు. మామూలుగా రెండు గంటల దారి. ఫ్లింట్ దాటాక గ్యాస్ స్టేషన్లు అరుదు కాబట్టి అక్కడే ట్యాంక్ నింపుకుని కాఫీ తాగాను. తర్వాత పొలాలు ఎప్పుడు మొదలయ్యాయో కూడా తెలియలేదు. మంచులోంచి ఒక మెయిల్‌బాక్స్ బయటపడేది, మాయమయ్యేది. ఎదురుగా ఒక్క కారూ రాలేదు.

స్కూల్లో నా మెంటర్‌గా ఉన్న సీనియర్ టీచర్ హాల్ గారు వ్యాన్ తాళాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. "ఇవాళ పాఠం నీదే. నేను డ్రైవర్‌ని, అంతే," అన్నారు నవ్వుతూ. మా విద్యార్థిని కేట్లిన్ వాళ్ల పాడి ఫారానికి ఫీల్డ్ ట్రిప్ అది. మొక్కజొన్నను చొప్పతో సహా తరిగి, శీతాకాలం మేత కోసం బురుజులా ఎత్తుగా ఉండే కాంక్రీటు సైలోలో పాతరవేస్తారు. కేట్లిన్ నాన్న రాయ్ గారు అంతకుముందు వారమే దాన్ని నింపారట.

ఫారంలో ఎవరూ ఎదురు రాలేదు. పికప్ ట్రక్ తలుపు తెరిచి ఉంది, ఇంజిన్ ఆడుతూనే ఉంది. కేట్లిన్ వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. ఆ ఫోన్ ట్రక్ సీటు మీదే మోగింది. కొట్టంలో ఆవులన్నీ ఒకే వైపు మొహాలు తిప్పి నిలబడ్డాయి. ఒక్కటీ అరవడం లేదు.

నాకు ముందు వాసన తగిలింది, బాత్‌రూమ్ కడిగే బ్లీచ్ లాంటిది. సైలో మొదలు దగ్గర చిన్న నల్ల పిట్టలు రాలిపడి ఉన్నాయి. సైలోని ఆనుకుని ఉన్న, మేత దించుకునే గది తలుపు దగ్గర మంచు తెల్లగా లేదు. పసుపు కలిసిన గోధుమ రంగులో నేలని అంటుకుని ఉంది. పచ్చి మేత పులిసేటప్పుడు పుట్టే విషవాయువు గురించి శుక్రవారమే నేను స్లైడ్ చూపించి పాఠం చెప్పాను. చెప్పడమే గానీ చూడటం అదే మొదలు.

అప్పుడు లోపల్నుంచి చప్పుడు వినిపించింది. టక్... టక్... కాస్త ఆగి మళ్లీ టక్.

"డాడ్!" అంటూ కేట్లిన్ పరుగెత్తింది. నేను వెంటపడి మణికట్టు పట్టుకున్నాను.

"వదలండి మిస్! తలుపు తడుతున్నాడు, మీకు వినపడట్లేదా?"

"వినపడుతోంది. వెళ్తే నువ్వూ పడిపోతావు."

హాల్ గారు మిగతా పిల్లల్ని గాలికి ఎదురు వైపు నడిపిస్తూనే 911కి ఫోన్ చేశారు. కేట్లిన్ నా చెయ్యి రక్కింది, ఏడ్చింది, బతిమాలింది. నేను రెండు చేతులతో ఆమెని వాటేసుకుని వెనక్కి లాగాను. అంతలో చప్పుడు ఆగిపోయింది. ఇద్దరం కంకర మీద కూలబడ్డాం. ఆ నిశ్శబ్దంలో, నేను ఒక మనిషిని చావనిచ్చానని అనుకున్నాను.

ఫైర్ సిబ్బంది వచ్చి, వీపుకి గాలి సిలిండర్లు కట్టుకుని లోపలికి వెళ్లారు. బయటికొచ్చిన మొదటి ఆయన మాస్క్ తీసి, "లోపల ఎవరూ లేరు," అన్నాడు. మేం విన్నది, వదులైన తలుపు రేకు గాలికి గోడకి కొట్టుకున్న చప్పుడట.

రాయ్ గారు కొట్టం వెనకాల, కోత అయిన చేలో దొరికారు. మొక్కజొన్న మోళ్ల మధ్య మాకు వీపు పెట్టి కూర్చున్నారు. కేట్లిన్ భుజం పట్టుకుంటే తిరిగి చూసి, "ఇవాళ స్కూల్ లేదా?" అని మామూలుగా అడిగారు. ఆ గది తలుపు తీసిన సంగతి ఒక్కటే ఆయనకి గుర్తుంది. అక్కడిదాకా ఎలా నడిచారో ఇప్పటికీ తెలియదు.

ఆ వాయువు పీల్చినవాళ్లు అప్పటికి బాగానే ఉన్నా, కొన్ని వారాలకి ఊపిరి ఆడక పడిపోవచ్చని అంబులెన్స్‌లో వచ్చినావిడ చెప్పింది. నిజంగానే ఆయనకి ఆయాసం వచ్చి మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఇప్పుడు కోలుకుని ఇంటికొచ్చారు.

ఆ చప్పుడు మనిషిదేనని నేనూ నమ్మాను. ఆ ఉదయం నా చేతుల్లో ఆ పిల్ల లేకపోతే నేనే లోపలికి వెళ్లేదాన్నేమో, ఎవరూ లేని చోటికి. ఆ ఆలోచన తరగతిలో పాఠం మధ్యలో వస్తుంది, చెప్పిన వాక్యమే మళ్లీ చెప్తాను. కేట్లిన్ మొదటి వరసలోంచి నన్నే చూస్తూ ఉంటుంది.

శరత్కాలంలో ఇటువైపు స్టూడెంట్ టీచింగ్‌కి వచ్చేవాళ్లకి ఒక మాట. పిల్లల్ని ఫారానికి తీసుకెళ్లే ముందు సైలో ఎప్పుడు నింపారో ఫోన్ చేసి కనుక్కోండి. మూడు వారాలు దాటలేదంటే ఆ వాయువు ఇంకా ఉండొచ్చు, ఆ రోజుకి సైలోకి దూరంగా ఉన్న దూడల్ని మాత్రం చూపించి వెనక్కి తీసుకొచ్చేయండి.