కారం అద్దుకున్న బిస్కెట్

ఒంగోలు బస్సు చిలకలూరిపేట దాటాక ఆకలేసింది. ఒళ్లో ఉన్న కవర్లోంచి ఒక బిస్కెట్ తీసి, ఏమీ ఆలోచించకుండా నోట్లో వేసుకున్నాను. పక్కసీటు పెద్దావిడ చెయ్యి చాపింది. మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వస్తోంది కాబోలు, ఆవిడ చీర ఘాటుకి నాకు తుమ్ములు ఆగడం లేదు.

“నాకూ ఒకటి పెట్టు నాయనా.”

నేను తింటూ లేదనలేక ఇచ్చాను. ఆవిడ కొరికి, “ఉప్పూ కారం లేదేంది?” అంటూ సంచిలోంచి కారప్పొడి పొట్లం తీసి అద్దుకుంది. రెండోది అడిగేసరికి ఇక దాచలేకపోయాను.

“అవి కుక్క బిస్కెట్లమ్మా. మా కుక్కకు కొన్నాను. పని పోయిన రోజుల్లో ఒక ఇంటికి కాపలా ఉండి, వాళ్ల కుక్కకు పెట్టేవే తిని బతికాను. ఆ అలవాటు ఇంకా పోలేదు.”

ఆవిడ నమలడం ఆపి నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. నోట్లోది మింగేసింది.

“బర్రెకు తెచ్చిన తెలగపిండిలో మా అమ్మ పిడికెడు తీసి మాకు కూరొండేది. అదీ తినింది, మేమూ తిన్నాం.”

మార్టూరులో దిగుతూ ఆ పొట్లం నా చేతిలో పెట్టింది.

“ఈసారి చప్పగా తినమాక.”

కారప్పొడి ఎక్కడిదని ఇంట్లో మా ఆవిడ అడిగింది. ఇన్నేళ్లూ దాచింది మొత్తం చెప్పేశాను.