నేను రాసిన నిర్వహణ లోపం

మురుగునీటి శుద్ధి కేంద్రం గురించి మాట్లాడబోతే ముక్కు మూసుకునేవాళ్లే ఎక్కువ. మా చుట్టాలైతే దానికి నేరుగా "పెంట ఫ్యాక్టరీ" అని పేరు పెట్టారు. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర నా పక్కన చేరి, "ఇంజనీరు సదివి మోరీల పొంటి తిరుగుడేంది బిడ్డా" అని జాలిపడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. "మీ ఇంట్ల నీళ్లు యాడికి పోతున్నయో ఎన్నడన్న సూసిన్రా?" అని గయ్యిమనేవాణ్ని. నా పని మీద నాకు అంత గర్వం ఉండేది. అది ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కరీంనగర్‌కు అవతల ఒక మగ్గాల ఊరు. ఊరంతా పవర్‌లూములు నడిపితే మా బాపు నూలుకు రంగులు వేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు రంగు తొట్లు. బాపు పోయాక తమ్ముడు ఇంటర్ మధ్యలో ఆపేసి షెడ్డులోకి దిగాడు. ఆ తొట్ల సంపాదన మీదే నేను ఇంజనీరింగ్ చదివాను. వాడి గోళ్లు ఎప్పుడూ నీలమో పచ్చో ఉండేవి, నా గోళ్లు తెల్లగా ఉండేవి. చివరికి మా ఊరి మున్సిపాలిటీలోనే ఇంజనీరుగా వచ్చి పడ్డాను.

శుద్ధి కేంద్రం కట్టాలంటే ముందు సర్వే చేయాలి. ఏ ఇంటి నుంచి ఎన్ని నీళ్లు మోరీలోకి, అంటే మురుగు కాలువలోకి వస్తున్నాయి, ఎలాంటి నీళ్లు వస్తున్నాయి, అన్నీ రాసుకోవాలి. ఫారంలో ఒక గడి ఉండేది: ఇంటి వాడకం నీళ్లు కాక వేరే నీళ్లు ఏమైనా కలుస్తున్నాయా? ఆ గడి ఊరికే పెట్టింది కాదు. కేంద్రంలో మురుగును శుభ్రం చేసేది మిషన్లు కాదు, కంటికి కనబడని జీవులు. తొట్టిలోకి గాలి ఊదుతూ ఉంటే అవి మురుగును తిని బతుకుతాయి. రంగుల్లో వాడే కాస్టిక్ లాంటి మందులు వాటిమీద పడితే చస్తాయి. అందుకే రంగు షెడ్లు ఉంటే వాటికి వేరే తొట్టి, వేరే పైపు కట్టించాలి.

మా గల్లీ సర్వే నేనే చేశాను. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫారం తీస్తే తమ్ముడు వంగి చూశాడు. "గా గడిల ఏం రాస్తవన్నా?" అన్నాడు.

"షెడ్డు ఉన్నదని రాస్తె వేరే తొట్టి కట్టుకొమ్మంటరు."

"కట్టాల్నా మరి?" అన్నాడు. అంతే. రాయొద్దని అనలేదు. ముఖం కూడా అలా పెట్టలేదు. లోపల్నుంచి అవ్వ ఛాయ్ తెచ్చింది. నేను ఛాయ్ తాగి ఆ గడిలో "లేవు" అని రాశాను. ఊరి నీళ్లన్నిటిలో ఈ నాలుగు తొట్ల నీళ్లు ఎంతలే అనుకున్నాను. మా షెడ్డు వదిలేసి పక్కవాళ్లది రాస్తే బాగుండదని గల్లీలో మిగతా మూడు షెడ్లకూ లేవు అనే రాశాను. అందులో రెండు మా మేనమామలవి. చుట్టరికం నిలబెట్టుకున్నానని ఆ రోజు కాస్త తృప్తి కూడా పడ్డాను.

కేంద్రం తయారైంది. దాన్ని నడపడానికి దొరికిన మనిషి గురించి చెప్పాలి. నలభై దాటిన మనిషి, మిషన్ చర్చికి పోయే కుటుంబం. ఏళ్ల తరబడి మున్సిపాలిటీలో మోరీలు తీసినవాడు. పది పాసైనవాళ్లెవరైనా హైదరాబాద్‌లో ట్రైనింగ్‌కు పోతారా అని అడిగితే అందరూ నవ్వారు, ఈయన ఒక్కడు చెయ్యెత్తాడు. తిరిగొచ్చాక ఆపరేటర్ అయ్యాడు, కాంట్రాక్టు మీదే. నాకంటే పెద్దవాడు కాబట్టి నేను "అన్నా" అనేవాణ్ని, ఆయన నన్ను "సారూ" అనేవాడు.

కొత్త తొట్టిలో జీవులు పెరగాలంటే మొదట్లో పెండనీళ్లు, బెల్లం కలిపి పోయాలి. ఆయన ఊళ్లో పశువుల కొట్టం కొట్టం తిరిగి పెండ పోగు చేసి, నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి పోశాడు. చూసినవాళ్లు "ఇంజనీరు సారు పూజ వెట్టించిండు" అని ఎగతాళి చేశారు. నెల తిరగకముందే తొట్టిలో నీళ్లు చాక్లెట్ రంగుకు తిరిగాయి. అది మంచి గుర్తు. ఆ జీవుల్ని ఆయన "నా పశువులు" అనేవాడు. పొద్దున నేను పోగానే "ఇయ్యాల పశువులు మంచిగ మేసినయ్ సారూ" అని రిపోర్టు చెప్పేవాడు.

ఆయన దగ్గర ఒక గాజు జాడీ ఉండేది. తొట్టిలోంచి నీళ్లు ముంచి, జాడీలో పోసి, అరగంట కదపకుండా పెడితే మడ్డి అడుక్కు దిగి పైన తేట నీళ్లు నిలుస్తాయి. తేరుకుంటే పశువులు బాగున్నట్టు. క్రిస్మస్ రోజు చర్చి నుంచి తెల్ల చొక్కాతోనే భార్యను తీసుకొచ్చి ఆ జాడీ చూపించాడు. "గీ నీళ్లు నేను జేసిన" అన్నాడామెతో. ఆమె నమ్మలేదు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వాసన లేదు. ఆ రోజు ఆ మనిషి నిలబడిన తీరు చూసి నా ఉద్యోగం ఎందుకో నాకు తెలిసింది.

మరుసటి ఏడాది ఊరికి పెద్ద చీరల ఆర్డర్ వచ్చింది. మగ్గాలన్నీ తెరిపి లేకుండా నడిచాయి, రంగు షెడ్లూ నడిచాయి. పది రోజుల్లో కేంద్రం పాడైంది. చాక్లెట్ రంగు బూడిద రంగుకు మారింది, నురుగు పొంగింది, కంపు సగం ఊరిని తాకింది. బయటికి వదిలే నీళ్లు పారే కుంటలో చేపలు తేలాయి. రైతులు వచ్చి గేటు ముందు కూర్చున్నారు.

అప్పుడొకరోజు ఆపరేటర్ నా ఆఫీసుకు వచ్చాడు. తువ్వాలలో చుట్టిన జాడీని టేబుల్ మీద పెట్టి విప్పాడు.

"పశువులు సస్తున్నయ్ సారూ. మోరీల రంగు వస్తున్నది. మీరు రంగులోళ్ల ఇంటోళ్లు కదా, జర సూసి ఎవలి షెడ్డుదో చెప్పుండ్రి. వాళ్ల కాళ్లు మొక్కి అయినా ఆపిచ్చుకుంట."

జాడీ ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టాను. మడ్డి మీద పచ్చ నిలిచి ఉంది. మా ఊళ్లో ఏ రంగు చూసినా ఏ ఇంటిదో చెప్పగలం, వంట రుచిని బట్టి ఎవరి చెయ్యో చెప్పినట్టు. బాపు పచ్చలో చివరికి కొంచెం పసుపు రంగు ఎక్కువ వేసేవాడు. వెలుతురుకు పడితే అంచుకు పసుపు కనిపించేది. తమ్ముడు అదే నేర్చుకున్నాడు. జాడీ అంచుకు ఆ పసుపు ఉంది. నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"చెప్పలేమన్నా. మోరీల కలిసినంక అన్ని రంగులు ఒక్కటే అయితయ్" అన్నాను.

ఆయన నమ్మాడు. రంగులవాడి కొడుకు చెబితే నమ్మడా? "గట్లనా సారూ" అన్నాడు. "కడిగెయ్ అన్నా దాన్ని" అన్నాను. బయట నల్లా దగ్గర జాడీ కడిగి, తువ్వాలతో తుడుచుకుని పోయాడు.

వారంలో కరీంనగర్ నుంచి పెద్ద సారు విచారణకు వచ్చాడు. కేంద్రం ఎందుకు చెడిపోయిందని నన్నే అడిగాడు. ఆపరేటర్ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బయటి రంగునీళ్లు వచ్చాయంటే సర్వే కాగితాలు తీస్తారు, "లేవు" అన్న నా చేతిరాత బయటపడుతుంది. రోజువారీ రిజిస్టర్ తీసి తిప్పాను. ఆ నెలలో రెండు రోజులు కరెంటు పోయి, గాలి ఊదే బ్లోయర్ కొన్ని గంటలు ఆగింది. ఆపరేటర్ దాన్ని దాచకుండా, ఆగిన టైము, మొదలైన టైముతో సహా గుండ్రని అక్షరాల్లో రాసి పెట్టాడు. అన్ని గంటలకు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా వేలు దాని మీద పెట్టి, "బ్లోయర్ ఆగింది సార్" అన్నాను.

పెద్ద సారు ఆయన వైపు తిరిగి, "ఆగిందా?" అని గద్దించాడు. "ఆగింది సారూ" అన్నాడాయన. అబద్ధం ఆడటం తెలియని మనిషి.

రిపోర్టు నేనే రాశాను. "ఆపరేటర్ నిర్వహణ లోపం వల్ల" అని మొదలవుతుంది. నెల తిరగకుండా ఆయన్ను తీసేశారు. తాళాలు ఇవ్వడానికి వచ్చినప్పుడు కొత్త మనిషికి చెప్పమని, పెండనీళ్లు ఎంత పొయ్యాలో కాగితం మీద రాసి తెచ్చాడు.

తమ్ముడి కోసం చేశానని చాలా రోజులు నన్ను నేను బుజ్జగించుకున్నాను. అన్ని ఏళ్లు నా కోసం రంగులో నానినవాడు కదా అనుకున్నాను. తర్వాత ఒకరోజు వాడితో సంగతి చెప్పాను. వాడి ముఖం మాడిపోయింది. "నాకు ముందుగాల చెప్తె ఐపోతుండె గదన్నా" అన్నాడు. మర్నాడే గడ్డపార పట్టి పెరట్లో షెడ్డు నీళ్లకు గుంత తవ్వడం మొదలుపెట్టాడు. మామలనూ, నాలుగో షెడ్డువాళ్లనూ ఒప్పించాడు. పది రోజుల్లో నాలుగు షెడ్ల నీళ్లు మోరీలోకి రావడం ఆగిపోయింది. అంత తేలిక పని అది. నేను కాపాడింది తమ్ముణ్ని కాదు, నా చేతిరాతను. కేంద్రం తేరుకుంది. మెచ్చుకోలు కొత్త ఆపరేటర్‌కు, నాకు వచ్చింది. సిగ్గు లేకుండా శాలువా కప్పించుకున్నాను.

ఆ తర్వాత నాకు ఆదిలాబాద్ వైపు బదిలీ అయింది. ఆపరేటర్ కూడా భార్య పుట్టింటికి, బోథ్ దగ్గరి పల్లెకు వచ్చేశాడని, సెప్టిక్ ట్యాంకులు తోడే బండి మీద పనిచేస్తున్నాడని విన్నాను. విని ఊరుకున్నాను. ఒకరోజు ఆయనే బస్సెక్కి నా ఆఫీసుకు వచ్చాడు. చిక్కిపోయాడు. దగ్గర్లో ఒక కొత్త శుద్ధి కేంద్రం కడుతున్నారు, దాన్ని నడిపే కంపెనీ మనుషుల్ని తీసుకుంటోంది.

"పని వచ్చని మీరొక లెటర్ రాసిస్తే సాలు సారూ. ట్యాంకర్ పని మీద పానం మంచిగుంటలేదు."

వెంటనే రాశాను. నిజాయితీపరుడు, పని తెలిసినవాడు, ఇంత శ్రద్ధగా చేసేవాణ్ని నేను చూడలేదు అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాగితం రెండు చేతుల్తో తీసుకుని మడవకుండా సంచిలో పెట్టుకున్నాడు. దీంతో తప్పు దిద్దుకున్నట్టే అనిపించి ఆ పూట అన్నం బాగా తిన్నాను.

వారం తర్వాత కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. "సార్, మీ లెటర్ చూసినం. పాత రిపోర్ట్ గూడ తెప్పించినం, అదీ మీరే రాసిండ్రు. ఒక దాంట్ల మంచోడన్నరు, ఒక దాంట్ల నిర్వహణ లోపమన్నరు. ఏది పట్టుకోమంటరు?"

లెటరే నిజం అంటే సరిపోయేది. అయితే రిపోర్టు అబద్ధమా అని తర్వాతి ప్రశ్న వస్తుంది. కంపెనీ మనిషి అడగనే లేదు, నేనే ముందుగా ఊహించుకుని వెనక్కి తగ్గాను. "రిపోర్ట్ ఆఫీసు రికార్డు కదండీ. అదే చూసుకోండి" అన్నాను.

కొన్నాళ్లకు ఆపరేటర్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. తెలిసిపోయింది, తిడతాడు అనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

"నమస్తే సారూ. నౌకరి రాలే. పాత రిపోర్టు సూసిన్రట, మీ లెటర్ వాపసిచ్చిన్రు. గని మీరు లెటర్ల మంచిగ రాసిండ్రు. మా ఇంటామె దాన్ని ప్లాస్టిక్ జేపిచ్చి గోడకు పెట్టింది."

ఆయనే మళ్లీ అన్నాడు. "ఇంకొక మాట సారూ. ఎన్నడు చెప్దామన్నా నోరు రాలే. కరెంటు పోయిన్నాడు నేను లైన్‌మెన్ కాడికి ఉరకాల్సి ఉండె. వస్తది తియ్యి అని కూసున్న. పశువులను నా చేతులతోనే సంపుకున్న. మీ పేరు గూడ ఖరాబు జేసిన. మాఫ్ జెయ్యుండ్రి."

అప్పుడైనా చెప్పొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా.

"పర్వాలేదన్నా, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాను.

"మీ మనసు పెద్దది సారూ" అని, మాఫ్ చేసినందుకు రెండుసార్లు దండం చెప్పి ఫోన్ పెట్టేశాడు.