తెరేసో ఇంటికి వచ్చిన కర్ర

ఎలాదియాకు నోరెక్కువని మా కొండ మీద అందరికీ తెలుసు. అది తండ్రి పోలిక అంటారు గానీ, పాపం ఆ తెరేసో సారా కడుపులో పడితే తప్ప నోరు విప్పేవాడు కాదు. ఈ పిల్లకు కాఫీ కూడా అక్కర్లేదు. తెరేసో ఆ సారాతోనే పోయాడు. తల్లి క్రిస్పినా చీకటితో లేచి మొక్కజొన్న పిండి రుబ్బి, తమాలెలు ఆకుల్లో చుట్టి ఉడికించి, బస్సులు ఆగేచోట అమ్మి, కూతుర్ని వహాకా పట్నంలో లా చదివించింది. చదివించింది అని ఒక్క మాటలో అనేస్తాం. పట్నంలో ఆ పిల్ల ఒకరింట్లో బట్టలుతికి, వాళ్ల వంటింటి పక్క కొట్లో పడుకుని, రెండు పూటలా చిక్కుడుగింజలే తిని చదివింది.

ఆ ఏడు పట్నం అట్టుడికిపోయింది. పంతుళ్లు సమ్మెకు దిగారు, పోలీసులు విరుచుకుపడ్డారు, జనం వీధులకు అడ్డంగా పాత బస్సులూ ఇసుక మూటలూ వేశారు. విశ్వవిద్యాలయం మూతపడింది. ఇక ఎలాదియా ఊరుకుంటుందా? ఆ మూటలెక్కి నిలబడి, "సభ మాటే మాట! జనం సభ పెట్టాక కాదనే మొనగాడెవడు?" అని గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. చలికాలం వచ్చేసరికి పోలీసులు ఆ అడ్డుకట్టలు ఊడ్చేసి, ఆమె సావాసగాళ్లను జైల్లో పెట్టారు. ఆమె మాత్రం కొండదారి పట్టి నడిచి ఇల్లు చేరింది. తల్లి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బొబ్బలెక్కిన కాళ్ల మీద వేణ్నీళ్లు పోసి, "తిను" అంది.

జనవరిలో క్లాసులు మళ్లీ మొదలవుతాయని కబురొచ్చింది. అది ఆఖరి ఏడు. ఆ ఏడు పోతే సీటు పోతుంది, సీటు పోతే తిరిగి సంపాదించే శక్తి ఆ ఇంటికి లేదు. పైగా జైల్లో ఉన్నవాళ్ల తరఫున మాట్లాడే లాయర్లు దొరకడం లేదు. లాయరై వాళ్ల పక్కన నిలబడాలన్నదే ఎలాదియా పట్టుదల.

ఇంతలో ఊరి సభ వచ్చింది. మా ఊళ్లో సభంటే బాస్కెట్‌బాల్ కోర్టులోనే. మగవాళ్లు మెట్ల మీద, ఆడవాళ్లు వెనక జావ కుండల దగ్గర. మా దగ్గర పదవుల కోసం ఎవరూ పోటీ పడరు. సభే పేరు పిలుస్తుంది, పిలిచాక కాదనకూడదు. కాదంటే ఆ ఇంటికి కొళాయి ఆగిపోతుంది, రేపు చస్తే శ్మశానంలో జాగా ఉండదు. పదవుల్లో అడుగుమెట్టు తోపిల్. ఏడాది పొడుగునా, జీతం లేకుండా, కర్ర పట్టుకుని ఊరు కాయాలి, కబుర్లు మొయ్యాలి, తాగి పడ్డవాళ్లను కూడా మొయ్యాలి.

కిందటేడు ఇదే కోర్టులో ఎలాదియా లేచి, ఆడవాళ్ల పేర్లెందుకు పిలవరని నిలదీసింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అందుకే అడుగుతున్నా!" అంది. మెట్ల మీద మగాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడు నవ్వనివాడు ఊరిపెద్దల్లో మకారియో తాత ఒక్కడే.

ఈ ఏడు తోపిళ్ల వంతు రాగానే మకారియో తాత టోపీ తీసి లేచాడు.

"తెరేసో ఇంటినించి ఎలాదియా పేరు చెబుతున్నా. పిల్ల కిందటేడు అడిగింది. న్యాయమైన మాటే అడిగింది. ఏడాదంతా ఆలోచించా."

"ఏమ్మా లాయరమ్మా, ఇప్పుడు నోరు పడిపోయిందేం?" అని మెట్ల మీంచి ఎవడో అరిచాడు.

ఎలాదియా లేచి నిలబడింది. కాదంటే తల్లికి నీళ్లుండవు. అవునంటే చదువు గంగలో కలిసినట్టే. ముసలాయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆయన వెక్కిరించడం లేదు, గౌరవించాననే అనుకుంటున్నాడు. పట్నంలో సభ మాటే మాటని అరిచిన నోటితో ఇక్కడ కాదని ఎలా అంటుంది? తలొంచి, "సభ చెప్పినట్టే" అనబోయింది.

"ఆగండి!"

జావ కుండల దగ్గర్నించి వచ్చింది ఆ కేక. క్రిస్పినా చేతిలో గరిటెతోనే కోర్టు మధ్యకు నడిచొచ్చింది. ఆమె సభలో నోరెత్తడం అదే మొదలు.

"మకారియో మావా, కర్ర ఇచ్చేది మనిషికా, ఇంటికా?"

"ఇంటికేనమ్మా."

"ఇంట్లో ఇద్దరున్నాం. ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటా."

కోర్టంతా గొల్లుమంది. "వదినా, తోపిలంటే తాగుబోతుల్ని ఈడ్చుకురావాలి, నీ వల్లేమవుద్ది?" అన్నాడు ఇందాక అరిచినవాడు.

"పెళ్లైంది మొదలు తెరేసోని సారా కొట్టునించి ఇంటికి ఈడ్చుకొచ్చింది ఎవరనుకున్నావురా? మీ నాన్ననీ ఓ రెండు సార్లు తెచ్చి మీ గుమ్మంలో పడేశా. అప్పుడు నా చేతిలో కర్ర కూడా లేదు!"

ఈసారి నవ్వు వాడి మీదికి మళ్లింది. మకారియో తాత గెడ్డం నిమురుకున్నాడు. "నీకు చదవడం రాదు కదే అమ్మాయీ?" అన్నాడు మెల్లగా.

"తోపిల్‌గా చేసినప్పుడు నీకొచ్చా?"

ఆయనా నవ్వేశాడు. చేతులెత్తమన్నారు. ముందు ఆడవాళ్లు ఎత్తారు, వాళ్లను చూసి మగవాళ్లు ఎత్తారు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర ఎలాదియా ఏడ్చేసింది. "అమ్మా, ఆడవాళ్లకు పదవులియ్యమని నేనడిగినప్పుడు నువ్వు నా ఆలోచనలోనే లేవే."

"తెలుసులే. నేనూ జావ కలుపుతూ విన్నా. ఎవరో చదువుకున్న ఆడవాళ్ల సంగతిలే అనుకున్నా. అడుగంటకుండా ఆ కుండ కలుపు."

అడగందే అమ్మైనా పెట్టదని ఊరందరి ముందూ చెప్పిన పిల్ల ఈసారి అమ్మను ఏమీ అడగనేలేదు. ఆ సంగతి తలుచుకుని ఇంకా ఏడ్చింది.

జనవరిలో, గొడవల మూలాన మా ఊరి మొగలో గొలుసు కట్టి ఉండేది. వచ్చేపోయే ప్రతి బండినీ తోపిల్ ఆపి అడగాల్సిందే. ఎలాదియా ఎక్కిన బండి కూడా ఆగింది. మంచులోంచి క్రిస్పినా వచ్చింది, తెరేసో పాత కోటు వేసుకుని, చేతిలో కర్రతో. డ్రైవరు ఇకిలించి, "మీ అమ్మాయే కదమ్మా, వదిలెయ్" అన్నాడు.

"నీ పని నువ్వు చూస్కో." క్రిస్పినా మొహంలో నవ్వు లేదు. కూతురి వైపు తిరిగి, దారిన పోయే పరాయి మనిషిని అడిగినట్టే అడిగింది. "పేరు?"

"ఎలాదియా."

"ఎవరింటి పిల్లవి?"

మా ఊళ్లో ఈ మాటకు తండ్రి పేరే చెబుతారు. తండ్రి పోయినా ఆయన పేరే చెబుతారు. ఎలాదియా కూడా బుద్ధెరిగినప్పట్నించీ అలాగే చెప్పింది. ఇప్పుడు కాసేపు తల్లి మొహంలోకే చూసింది.

"క్రిస్పినా ఇంటి పిల్లని."

క్రిస్పినా కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఇంకో ప్రశ్న మిగిలే ఉంది, అదీ అడిగింది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"లాయరయ్యాక."

"సరే, పో" అని క్రిస్పినా గొలుసు దించింది.