ఒక్కసారే అడిగే దేశం

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా అమ్మమ్మ నవ్వుతుంది, "నీకేం వయసొచ్చిందని అప్పుడే ఆ రోజులూ ఈ రోజులూ?" అని. కానీ గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే ఆఫీసులో కొత్తగా చేరిన ఆ కాలం తలచుకుంటే, అదంతా నా కంటే చిన్నదైన ఇంకో పిల్లకి జరిగినట్టే ఉంటుంది. ఆ పిల్లకి నలుగురిలో నోరు పెగలదు. అద్దంకి దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, మాట్లాడాల్సినవన్నీ డైరీలో రాసుకునేది. అలాంటిదాన్ని తీసుకెళ్లి విదేశీ కొనుగోలుదార్లతో వ్యవహారం చూసే కుర్చీలో కూర్చోబెట్టారు. (ఈమెయిల్లో సిగ్గు కనపడదు కదా! మా యజమాని, అందరూ పెదబాబుగారు అని పిలిచే పెద్దాయన, నా ఇంగ్లీషు ఉత్తరాలు చూసి నేను మహా ధైర్యస్తురాలిననుకున్నారు.)

నెదర్లాండ్స్ నుంచి మా సరుకు కొనే కంపెనీ వాళ్లు మా ఆఫీసులో ఒకరిని మూడు నెలలు తమ ఊరికి పిలిపించుకుని, వాళ్ల పరీక్షలూ పద్ధతులూ నేర్పిస్తామన్నారు. మనిషిని ఎంచుకోవడానికి వాళ్ల మేడమ్ స్వయంగా వస్తోందని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. పన్ను నొప్పని ఆఫీసులో అబద్ధం చెప్పి సెలవు పెట్టి పాస్‌పోర్టు చేయించుకున్నాను. మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని ఫోన్లో వాళ్లుండే రేవు పట్టణం మ్యాపు చూస్తూ కూర్చునేదాన్ని. ఏ కాలవ మీద ఏ వంతెన, ఏ మూలన రొట్టెల కొట్టు, ఏ ట్రాము ఎక్కితే సముద్రం కనిపిస్తుంది, అన్నీ నోటికొచ్చేశాయి. బయట లారీల్లోకి మిరప బస్తాలు ఎక్కుతుంటే, ఆ ఘాటుకి తుమ్ముతూనే నేను ఆ వీధుల్లో తిరుగుతుండేదాన్ని.

మేడమ్ వచ్చింది. గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగు. మొదటిరోజు భోజనంలో పెదబాబుగారు ఆవిడ పక్కనే నిలబడి వడ్డించారు. ఆవిడ చాలంటే గోంగూర, వద్దంటే కోడివేపుడు, రెండు చేతులూ అడ్డం పెడితే ఆ చేతుల సందులోంచి మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీ చూడాల్సిన మనిషి మజ్జిగ గ్లాసు పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం నేను పెదబాబుగారి గది తలుపు పట్టుకుని నిలబడ్డాను. మిరపకాయ రంగూ నాణ్యం చూసే రంగు భాయ్ కూడా అక్కడే ఉన్నాడు. మార్టూరు మనిషి, మా అందరికీ అన్నలాంటివాడు.

"వాళ్లు వద్దంటే వద్దనేనండి," అన్నాను. "మళ్లీ అడిగితే వాళ్ల మాటకి విలువ ఇవ్వలేదనుకుంటారు."

"అదేందమ్మా!" అన్నారు పెదబాబుగారు. "ఒకసారి వద్దనగానే ఊరుకుంటే మనల్ని మనుషులంటారా?"

"వాళ్ల దేశంలో ఒక్కసారే అడుగుతారండి."

"సరే, నువ్వు చదువుకున్నదానివి. రేపటి నుంచి ఒక్కసారే," అన్నారాయన, ఒట్టేసినంత గట్టిగా. రంగు భాయ్ కూడా తలూపాడు.

మర్నాడు అందరం బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ఆవిడ తిన్నగా నా వైపు తిరిగింది. "మీ ఉత్తరాలు నాకు చాలా ఇష్టం. మూడు నెలలు మా ఊరు వస్తారా?"

మ్యాపులో చూసిన వంతెనలన్నీ కళ్ల ముందుకొచ్చేశాయి. నోరు మాత్రం దాని పాటికది, "అబ్బే, నాకెందుకండీ... అంత దూరం..." అనేసింది. (మా ఇంట్లో నేర్పిన మర్యాద అది. పక్కింటి పిన్ని జంతికలు పెడితే మొదటిసారి వద్దనాలి, రెండోసారి నవ్వాలి, మూడోసారి చెయ్యి చాపాలి.) తల వంచుకుని రెండోసారి కోసం ఎదురుచూశాను.

పెదబాబుగారు "ఏమ్మా..." అని నోరు తెరిచారు. అంతలోనే ఏదో గుర్తొచ్చి టక్కున మూసేశారు. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లాడిలా నా వంక గర్వంగా చూశారు.

"ముక్కుసూటిగా చెప్పినందుకు థాంక్స్," అంది మేడమ్ ఎంతో గౌరవంగా. "మరి మీరు?" అని రంగు భాయ్ వైపు తిరిగింది.

"వస్తా మేడమ్!" ఆవిడ మాట పూర్తికాకముందే అనేశాడు.

బయటికొచ్చాక నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అన్నాడు. "నువ్వే కదమ్మా చెప్పావ్, ఒక్కసారే అడుగుతారని. అందుకే ఆగలా. నీకు నిజంగా ఇష్టం లేదు గదా?"

ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "లేదు భాయ్. నాకు చలి పడదు," అన్నాను.

వెళ్లిన మొదటి ఆదివారమే ఫోన్ చేశాడు. సరుకు లోడు ఉందని నేను ఆ రోజూ ఆఫీసులోనే ఉన్నాను. "తప్పిపోయానమ్మా! ఎటు చూసినా నీళ్లూ, సైకిళ్లే. మేడమ్‌ని అడగాలంటే సిగ్గుగా ఉంది."

ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను. ఎర్ర వంతెనట. కళ్లు మూసుకున్నాను. "అది దాటి ఎడమకి తిరుగు. మూలన రొట్టెల కొట్టుంటుంది."

"ఉంది, ఉంది! ఆహా, ఏం వాసనమ్మా!"

నాకు మిరపకాయల వాసన తప్ప ఏమీ రావడం లేదు. "అక్కడ్నించి కాలవ పక్కనే పో. ట్రాము ఆగేచోటు వస్తుంది. అటు వెళ్లేది ఎక్కితే నీ గది, ఇటు వెళ్లేది ఎక్కితే సముద్రం."

కాసేపు ఆయన అడుగుల చప్పుడు, గాలి హోరు. తర్వాత ఆశ్చర్యంగా, "నువ్వెప్పుడొచ్చావమ్మా ఈ ఊరు?" అన్నాడు. "సముద్రం వైపు ఎక్కు భాయ్, ఇంకా పొద్దుంది," అన్నాను.

ఇప్పుడు నేను చాలా దేశాల వాళ్లతో మాట్లాడుతున్నాను. ఎవరితో ఎలా మెలగాలో కొత్తగా చేరినవాళ్లకి పాఠాలు కూడా చెబుతున్నాను. పాస్‌పోర్టులో కాగితాలు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆ పిల్ల మీద నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది. ఒక్కోసారి ఆ బల్ల దగ్గరికి వెళ్లి, తల వంచుకుని ఎదురుచూస్తున్న ఆ పిల్ల పక్కన కూర్చుని, రెండోసారి నేనే అడగాలనిపిస్తుంది.