అమ్మమ్మల డాక్టరు

డాక్టర్ భూషణం గారికి ఎవరు ఎదురుపడినా నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒక్కటే: "మీ అమ్మమ్మది ఏ ఊరు?" నమస్కారం ఆ తర్వాత. ఒక్కోసారి అదీ ఉండదు.

నా పేరు ఏలియా. జగదల్‌పూర్‌లో యూనివర్సిటీ లాబ్‌లో ఆయన దగ్గర టెక్నీషియన్‌ని. మా నాన్న కిరండూల్ రైల్వే లైన్లో గ్యాంగ్‌మన్. మా అమ్మమ్మది పలాస దగ్గర పల్లె. ఇది మీకెందుకంటే, ఇంటర్వ్యూలో ఆయన నన్నడిగింది ఇదొక్కటే. మైక్రోస్కోప్ చూడటం వచ్చా అని ఉద్యోగంలో చేరిన మూడో రోజున అడిగారు.

ఆయన పరిశోధన సికిల్ సెల్ మీద. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్లలా వంకరపోయి, రక్తనాళాల్లో ఇరుక్కుని, ఎముకలు పిండినట్టు నొప్పి పెట్టే జబ్బు. బస్తర్‌లో చాలా ఇళ్లలో ఉంది. ఆ గుణం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వచ్చి, రెండూ కలిస్తేనే బిడ్డకు జబ్బు. ఒక్క పాలే ఉన్నవాళ్లు నిక్షేపంగా తిరుగుతుంటారు, తమలో ఉందని వాళ్లకే తెలియదు. అందుకని ఈయనకు తాతలూ అమ్మమ్మలూ కావాలి. కావాలి సరే, పెళ్లి భోజనాల దగ్గర కూడానా?

బచేలీ టౌన్‌షిప్‌లో మావాళ్ల పెళ్లికి ఆయన్ని తీసుకెళ్లడం నా తప్పే. పులిహోర వడ్డించేలోపు మూడు కుటుంబాల వంశాలు రాసేశారు. సంబంధాలు కుదిర్చే మనిషి అనుకుని మా ఎదురింటి వెంకమ్మ గారు కూతురి ఫొటో, జాతకం తెచ్చి చేతిలో పెట్టింది.

"జాతకం వద్దమ్మా, రెండు చుక్కల రక్తం చాలు" అన్నారీయన.

వెంకమ్మ గారు నాతో ఇప్పటికీ మాట్లాడదు.

ఇంకోసారి మా బస్తర్‌లోని బీజాపూర్ దారిలో చెక్‌పోస్టు దగ్గర జవాను ఆపి, ఎక్కడికి పోతున్నారని హిందీలో అడిగాడు. ఈయన అదే హిందీలో, వాళ్ల నానీది, అంటే అమ్మమ్మది, ఏ ఊరని అడిగారు. జవాను తుపాకీ భుజాన సర్దుకుని ఆలోచనలో పడ్డాడు. వెనక తొమ్మిది జీపులు ఆగిపోయాయి. చివరికి అతను గయ దగ్గరున్న వాళ్లమ్మకి ఫోన్ చేసి కనుక్కుని మరీ చెప్పాడు.

"సార్, అతను ఈ ప్రాంతం వాడే కాదు కదా" అన్నాను జీపు కదిలాక.

"పోల్చి చూడ్డానికి పనికొస్తాడయ్యా."

మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారికి సార్ వరస నచ్చేది కాదు. హెడ్డు గారు తెల్లకోటు వేసుకునేది ఫొటోగ్రాఫర్ వచ్చిన రోజునే. "కొత్త మందు కనిపెట్టవయ్యా అంటే నువ్వు అమ్మమ్మల్ని కనిపెడుతున్నావు" అనేవారు. ఆ మాటకు మొదట నవ్వేది హెడ్డు గారే. రెండోవాణ్ణి నేను.

పోయిన వేసవిలో బీజాపూర్ అవతల దోర్ల తెగ వాళ్ల పల్లె ఒకదానికి వెళ్లాం. అక్కడ లక్మే అనే ఆమె ఏడేళ్ల కొడుక్కి సికిల్ అని ఆసుపత్రిలో తేలింది. నొప్పులు తగ్గడానికి రోజూ మాత్రలు వేయాలి. మేం చేరేసరికి లక్మే మూట కట్టుకుని గుమ్మంలో కూచుని ఉంది. ఆమె అత్త దేవే వాకిట్లో ఊరి పెద్దలకు చెబుతోంది.

"దీని నెత్తురే చెడ్డది. పిల్లగాడు నా దగ్గరుంటడు. దీన్ని పుట్టింటికి తోలి నా కొడుక్కి ఇంకో పిల్లను తెస్త."

నేను పరీక్ష కిట్టు తీయబోయాను. సార్ నా చెయ్యి పట్టుకుని ఆపి, పోయి దేవే పక్కన నేలమీద కూచుని, "అమ్మా, మీ అమ్మమ్మది ఏ ఊరు?" అన్నారు.

నాకు తల బాదుకోవాలనిపించింది.

"ఏంది సారూ, ఇప్పుడదెందుకు?" అంటూనే దేవే చెప్పింది. ఆయన బొగ్గుముక్కతో నేలమీద ఒక గీత గీశారు. తర్వాత ఆమె తల్లి, తండ్రి, పెదనాన్నలు. గంట గడిచింది. పెద్దల్లో ఇద్దరు కునుకు తీశారు.

"మీరెంతమంది పుట్టారమ్మా?"

"అయిదుగురం. ఒక తమ్ముడు ఎనిమిదేండ్లకు పోయిండు."

"ఏమైంది?"

"కీళ్లు నొప్పులని ఏడ్చేటోడు. చేతులు వాచేటివి. మమ్ముల గన్న అవ్వ సరిగ్గ చూడలేదని మా నాయన ఆమెను కొట్టి ఎళ్లగొట్టిండు." చెబుతూనే దేవే కోడలి ఒళ్లో మూట వైపు చూసింది.

అప్పుడు సార్ నాకు సైగ చేశారు. లక్మే, ఆమె మొగుడు, దేవే, ముగ్గురూ వేలు చాపారు. పది నిమిషాల్లో తేలింది. ముగ్గురిలోనూ ఒక్కో పాలు ఉంది.

"పిల్లాడికి సగం మీ కోడలి వైపు నుంచి, సగం మీ వైపు నుంచి వచ్చిందమ్మా. ఎవరూ కావాలని తెచ్చింది కాదు. మీ తమ్ముడిదీ ఇదే జబ్బు అయ్యుంటుంది."

దేవే ఆ బొగ్గు గీతల్లో వాళ్లమ్మ గీత మీద వేలు పెట్టింది. "అయితే మా అవ్వ ఏం జెయ్యలేదా సారూ?"

"ఏమీ చెయ్యలేదమ్మా."

ఆమె లేచి, లక్మే ఒళ్లోంచి మూట తీసుకుని లోపల పెట్టి వచ్చింది. పెద్దల వైపు చూసి, "ఇంక మీరు పోండి" అంది. ఆ పిల్లాడి మాత్రల డబ్బా ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది. సంత రోజున బీజాపూర్ వచ్చి, ఆసుపత్రి వాళ్లతో పోట్లాడి మరీ తీసుకెళుతుంది.

తిరిగొస్తూ అడిగాను. "ముందే పరీక్ష చేస్తే పది నిమిషాల్లో అయిపోయేది కదా సార్?"

"జబ్బెవరిదని మొదలుపెడితే ఆ ఇంట్లో ఎవరో ఒకరు దోషి అవుతారయ్యా. అమ్మమ్మ దగ్గర మొదలుపెడితే అందరూ కూచుని మాట్లాడతారు."

"మరి ఆ జవాను?"

"అది ఊరికే. వాడు ఎన్నాళ్లయిందో వాళ్లమ్మకి ఫోన్ చేసి."

ఆ తర్వాత నేను నవ్వడం తగ్గించాను. మానేశానని అనను.

ఏడాది చివర యూనివర్సిటీ వాళ్లు ఒక ఫారం పంపారు. 'పరిశోధన ఫలితం' అన్న గడిలో సార్ రాశారు: "ఒక కోడలు పుట్టింటికి వెళ్లలేదు."

హెడ్డు గారు దాని చుట్టూ ఎర్ర ఇంకుతో గీసి, "సంఖ్యలు అంకెల్లో రాయవలెను" అని వెనక్కి పంపారు. సార్ కళ్లజోడు సవరించుకుని, 'ఒక' కొట్టేసి, '1' వేసి, మళ్లీ సంతకం పెట్టి పంపించారు.