రాతిపువ్వు పూత

దగ్గరకొచ్చి కూకోండమ్మా, చెప్తాను. తొంభైల్లో మేం ఉక్కు కార్ఖానాల ఊరు భిలాయిలో, క్యాంప్ వన్ బస్తీలో ఉండేవాళ్లం. మా అమ్మాయి సరోజకి మోచేతుల మీద ఎర్రగా పొలుసులు లేచేవి. బడిలో దాని పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

"పత్థర్ ఫూల్ నూరి రాయి" అంది పక్కింటి దీదీ. అదే, మసాలాలో వేసే రాతిపువ్వు. కొట్లోది ఎండిపోయిందని, కార్ఖానాల పక్క చెట్టు బెరడు మీద అలాంటిదే పచ్చిగా కనిపిస్తే గీకి తెచ్చి పూశాను.

గంటకల్లా చేతులు వాచి రసి కారింది. "కడిగెయ్యవే అమ్మా!" అని పిల్ల గుక్కపట్టింది. ఆసుపత్రికి ఎత్తుకుపోయాను.

డాక్టరమ్మ మా విజయనగరం ఆవిడే. "ఏటి పూసినావమ్మా?" అంది. చెప్పాను.

"దాన్లో వాపు తగ్గించే గుణముందేమోనని పరిశోధనలు చేసేవాళ్లు ఇంకా వెతుకుతున్నారు. కానీ దానికి వేళ్లుండవు, గాల్లో ఏముంటే అదే తాగుతాది. ఆరేసిన బట్టల మీద రోజూ నల్లపొడి దులుపుకుంటావు గదా, తెలీదా? ఆ పొడే పిల్ల చేతులకి పూసినావు."

సరోజే అంది, "అమ్మని తిట్టకండి. నా పక్కన ఎవరైనా కూర్చోవాలని పూసింది."

వాపు వారంలో తీసింది. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుండెలో ఉంది. డాక్టర్ని అడక్కుండా ఏదీ పుయ్యకండి. మీ ఇంటి పిల్లల ఒళ్లు చల్లగా ఉండాలి, వాళ్ల పక్క ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు.