కానుకల సంచిలో ఆదివారం

పన్నెండేళ్ళు నేను శుక్రవారం నాడే ఆరాధనకి వెళ్ళాను. ఫుజైరాలో సెలవు ఆ రోజే కాబట్టి మా తెలుగు సంఘం కూడేదీ ఆ రోజే. ఊళ్ళో మా అక్కకి మాత్రం ఇది ఎన్నేళ్ళయినా మింగుడు పడలేదు. ఆదివారం ఫోన్ చేసి "గుడికెళ్ళొచ్చావా?" అని అడిగేది. "మొన్న శుక్రవారమే అయిపోయిందే" అంటే "మీ దుబాయోళ్ళ లెక్కలు దేవుడికైనా అర్థమౌతాయా?" అనేది. అక్కతో వాదించేదాన్ని గానీ, ఆదివారం పొద్దున్న యూనిఫాం వేసుకుని డ్యూటీకి పోతుంటే నాకూ ఏదో దొంగతనం చేస్తున్నట్టే ఉండేది.

2022 జనవరిలో దేశానికి వారాంతం మారింది. నేను నర్సుగా చేసే ఆసుపత్రిలో ఓపీకి శుక్రవారం మధ్యాహ్నం దాకా పని, శని ఆదివారాలు సెలవు. ఆ సర్క్యులర్ చదివి నేను డ్రెస్సింగ్ రూములో ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

మేము కూడే హాలు అద్దెది. అదే ఆవరణలో మలయాళీలూ, ఫిలిప్పీన్ వాళ్ళూ వంతులేసుకుని ఆరాధన జరుపుకుంటారు. మేనేజరు మా పాస్టరు గారిని పిలిచి, శుక్రవారం పొద్దుటి వేళ ఉంచుకుంటారో, ఆదివారం సాయంత్రానికి మారతారో నెలాఖరులోగా తేల్చమన్నాడు. తేల్చడం అంత సులువా? మాలో ఆఫీసుల వాళ్ళకీ, నర్సులకీ ఆదివారం సెలవు. రేవులోనూ, రాళ్ళ క్వారీల్లోనూ పనిచేసే వాళ్ళకి చాలామందికి ఇంకా శుక్రవారమే. సంఘం సరిగ్గా నడిమికి చీలింది. చీటీల మీద ఓటు పెడదామన్నారు పాస్టరు గారు.

ఓట్ల పెట్టె మాకెక్కడిది? కానుకల సంచి ఉంది కదా అని దాన్నే తిప్పాం. కర్ర పిడి ఉన్న ఎర్ర మఖమలు సంచి. ప్రతి వారం జనం అందులో కానుకతో పాటు ప్రార్థన మనవులు కూడా చీటీ రాసి వేస్తారు, పాస్టరు గారు వాటిని చదివి ప్రార్థిస్తారు. ఆ అలవాటు మా అందరికీ ఎంత ఒంటబట్టిందంటే, ఓట్ల రోజున దాని సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

చీటీలు చదివే పని నాది. ఓడలకి ఇంధనం పోసే కంపెనీలో గుమాస్తాగా చేసే మా సంఘం తమ్ముడొకడు పక్కన కూర్చుని గీతలు గీశాడు. అతను శుక్రవారం పక్షం, నేను ఆదివారం పక్షం, అందుకే మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. ఒక చీటీలో "పాపకి జ్వరం తగ్గాలి" అని ఉంది. నవ్వుకుని పక్కన పెట్టాం. ఒకరు "మీ ఇష్టమే నా ఇష్టం" అని రాశారు. తర్వాత ఒక చీటీ వచ్చింది. "ఆదివారం సెలవు దొరకాలి" అని ఉంది. నేను "ఆదివారం" అని మాత్రం చదివాను. ఆదివారం సెలవు కోరుకునే మనిషి కోరేది ఆదివారం ఆరాధనే కదా అని ఒక్క రెప్పపాటులో నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. తమ్ముడు గీత గీశాడు.

ఆదివారం ఇరవై నాలుగు, శుక్రవారం ఇరవై మూడు. ఆ సాయంత్రం అక్కకి నేనే ఫోన్ చేశాను.

మరుసటి శుక్రవారం ఆరాధన అయ్యాక కరక్ చాయ్ గ్లాసులు చేతికి రాగానే గొడవ మొదలైంది. నెలాఖరు దాకా పాత వేళే కాబట్టి, నేను ఒక మలయాళీ నర్సుతో డ్యూటీ మార్చుకుని వస్తున్నాను. ఆవిడ వచ్చే నెల సెలవు మీద ఇంటికి వెళ్ళిపోతోంది, ఆ తర్వాత నా శుక్రవారాలు నావి కావు.

గుమాస్తా తమ్ముడే ఎత్తుకున్నాడు. "ఒక్క ఓటు తేడాకే సంఘం మొత్తం మారిపోవాలా? ఆ రోజు రేవు పనివాళ్ళ క్యాంపు బస్సు రాలేదు, తొమ్మిది మంది ఓటే వెయ్యలేదు. మళ్ళీ పెట్టండి."

నాకు ఒళ్ళు మండింది. "ఓడినోళ్ళు అడిగినప్పుడల్లా మళ్ళీ పెడితే ఇక ఓటెందుకు తమ్ముడూ? రేపు మేం ఓడితే మూడోసారి అడగొచ్చా?"

"ఖలాస్ అన్నాక ఖలాస్" అన్నాడు సంఘ పెద్ద ఒకాయన, నన్ను సమర్థిస్తూ.

"పెళ్ళిచూపులకే రెండోసారి వెళ్తాం కదండీ" అన్నాడు తమ్ముడు.

"ఒప్పుకున్నాక వెళ్ళం" అన్నాను.

పాస్టరు గారు ఇద్దరి మధ్యా నలిగిపోయి, పోనీ మళ్ళీ ఓటు పెట్టాలా వద్దా అన్నదాని మీద ఓటు పెడదామా అన్నారు. సరే, అది ఏ రోజు పెట్టాలి? శుక్రవారం పెడితే ఆఫీసుల వాళ్ళకి మళ్ళీ పర్మిషన్ దొరకదు, ఆదివారం పెడితే క్వారీల వాళ్ళు రాలేరు. అక్కడ మళ్ళీ రెండు పక్షాలు. చాయ్ రెండోసారి కాచారు.

ఈ గోలంతటిలో నోరెత్తనిది డోలక్ అన్నయ్య ఒక్కడే. గోదావరి జిల్లా మనిషి, క్వారీలో లోడరు నడుపుతాడు. ఆయన డోలక్ లేకపోతే మా పాటలు ఎడ్లబండి నడకే. ఆయన్ని నా పక్షానికి లాగుదామని పక్కన కూర్చున్నాను.

"అన్నయ్యా, మీరేమంటారు?"

"నాదేవుందండి సిస్టరు గారూ. నేను ఓటే ఎయ్యలేదండి."

"అదేంటి, సంచిలో చీటీ వెయ్యడం చూశానే?"

"అది ఓటు కాదండి. ఆదివారం పెబువు దినం కదండీ, దానికి ఎదురు ఎలా రాత్తాం? పోనీ ఆదివారమే రాద్దావంటే మా కంపెనీ వదల్దండి. మా మేనేజరు, ఆ ముదీర్ని అడిగితే మాఫీ మాఫీ, లేదు పో అనేసేడండి. అందుకని ఆదివారం సెలవు దొరకాలని పార్దన చీటీ ఏసేనండి."

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆయన డోలక్ తాళ్ళు సరిచేసుకుంటూ నెమ్మదిగా చెప్పుకుపోతున్నాడు. "సెలవు దొరక్కపోతే ఈ నెలతో సరండి. ఎవరికైనా దీన్ని నేర్పేసి ఎల్తాను. వారవంతా బండలు పగిలే సప్పుడే కదండీ నాకు. ఇక్కడికొచ్చి ఇది వాయిత్తేనే నా సెవులు నాకొచ్చినట్టుంటాది."

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. ఊరుకుందామనే అనిపించింది. నిజం, ఒక గ్లాసు చాయ్ చల్లారేంతసేపు ఊరుకున్నాను. నాకు ఆదివారం కావాలి, ఆ ఆశ చిన్నది కాదు. కానీ ఆయన వేళ్ళు ఆ తాళ్ళ మీద ఆడుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"పాస్టరు గారూ, ఇరవై నాలుగులో ఒకటి ఓటు కాదండి. ప్రార్థన మనవి."

"మరి చదివింది మీరే కదా సిస్టర్?" అన్నాడు తమ్ముడు.

"నేనే. సగం చదివాను."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ నవ్వారు. ఖలాస్ పెద్దాయన కూడా గడ్డం గోక్కుంటూ, "అయితే సరిసమానం అన్నమాట. మళ్ళీ పెట్టాల్సిందే" అన్నాడు. డోలక్ అన్నయ్య మాత్రం తన వల్లే ఇంత జరిగిందని తల దించుకున్నాడు.

ఏ రోజు రాసినా ప్రభువుకి ఎదురు రాసినట్టు కాదని ముందే చెప్పి, ఈసారి పద్ధతి పాస్టరు గారే వివరించారు. శుక్రవారం వచ్చే వాళ్ళకి శుక్రవారం సంచి తిప్పుతారు, దాని మూతి కట్టి బీరువాలో పెట్టి, ఆదివారం సాయంత్రం ఒక గంట హాలు అడిగి మిగతా వాళ్ళకి తిప్పుతారు. ప్రార్థన మనవులకి వేరే ఖర్జూరాల డబ్బా పెట్టారు. పైన పెద్దక్షరాలతో రాసి మరీ అంటించారు.

శుక్రవారం నా చేతిలో చీటీ చాలాసేపు ఖాళీగా ఉంది. అక్కకి ఏం చెప్పాలో తెలియలేదు. మనసు బాగా కష్టపెట్టుకునే "శుక్రవారం" అని రాసి, ఎవరూ చూడకుండా మడిచి వేశాను.

ఆదివారం సాయంత్రం లెక్క. క్వారీ వాళ్ళెవరూ లేరు. డోలక్ గుడ్డ కప్పుకుని మూలన ఉంది. చదవడానికి మళ్ళీ నన్నే పిలిచారు పాస్టరు గారు. "ఈసారి పూర్తిగా చదవండి సిస్టర్" అన్నారు, అందరూ నవ్వారు. ప్రతి చీటీ పైకెత్తి చూపించి మరీ చదివాను. శుక్రవారం ముందుకి పోతూనే ఉంది. మొన్న శుక్రవారం క్యాంపు బస్సు వచ్చింది కదా.

అడుగున మిగిలిన వాటిలో ఒకటి నాకు తెలిసిన దస్తూరీ. డబ్బా పెట్టినా డోలక్ అన్నయ్య అలవాటు ఆయనదే. పైకి చదివాను.

"శుక్రవారం. మా సిస్టరు గారికి శుక్రవారం సెలవు దొరకాలి."

తమ్ముడు పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. "ఇది ఓటా సిస్టర్, ప్రార్థనా?"

"రెండూను. శుక్రవారం కింద రాసుకో" అన్నాను.

మర్నాడు పొద్దున్నే డ్యూటీ లిస్టు వేసే సిస్టర్ దగ్గరికి వెళ్ళి, ఆ చీటీలో ఉన్న మాటే అడిగాను. ఆవిడ మాఫీ అనలేదు, చూద్దాం అంది.